తాళంచెవి జాగ్రత్త: కాబోయే పంతుళ్లకు పది చిట్కాలు

ముందు నా సంగతి. పుట్టింది కామాఠిపురాలో, ఖోలీ అనే పది బై పది గదిలో. మా తాత పాలమూరు నుంచి ముంబైకి గోడలు కట్టడానికి వచ్చాడు. నేను ఇప్పుడు డి.ఎల్.ఎడ్. రెండో ఏడాదిలో ఉన్నాను. ఇంకొన్ని నెలల్లో పంతుల్నవుతాను.

టీచింగ్ ప్రాక్టీసుకని నన్ను ఒక తెలుగు మీడియం బడికి పంపారు. అక్కడొక పెద్ద టీచరమ్మ ఉంది. సుద్దపొడికి ఎప్పుడూ దగ్గే. బడి వదిలాక బడికి రాని పిల్లల పేర్లు చీటీ మీద రాసుకుని, వాళ్లుండే చాల్ భవనాల మెట్లెక్కేది. మూడో అంతస్తుకు చేరేసరికి మోకాళ్లు పట్టుకుని నిలబడిపోయేది. ఆమెను చూసి నా కడుపు తరుక్కుపోయింది. నా తోటివాళ్లకు ఈ గతి పట్టకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

తప్పించుకునే దారి ఉంది. అది టెక్నాలజీ. 2016 సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలయ్యాయి. సరిగ్గా ఏడాదికి, 2017 సెప్టెంబర్ 5న, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతుల మీదుగా దీక్ష పోర్టల్ మొదలైంది. రెండూ ఉపాధ్యాయ దినోత్సవం నాడే వచ్చాయి. మొదటిదానితో డేటా వచ్చింది, రెండోదానితో పాఠాలు వచ్చాయి. ఇక మిగిలింది మనం కూర్చోవడమే. ఎలా కూర్చోవాలో చెబుతాను, వినండి.

1. చేరిన రోజే బీరువా తాళంచెవి సంపాదించండి

ముంబై మహానగర పాలిక 2015లో తన బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. పుస్తకాల సంచి బరువు తగ్గించాలని దాని ఉద్దేశం. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ఎనిమిదో తరగతి వాళ్లకు ట్యాబ్‌లు ఇచ్చింది. పిల్లల చేతికి వెళ్లిన వస్తువు కింద పడుతుంది. పడితే పగులుతుంది. పగిలితే మీరు అర్జీ రాయాలి, సంతకాలు పెట్టించాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. బీరువాలో ఉన్న ట్యాబ్ ఎన్నటికీ పగలదు.

కాబట్టి మీ బడికి ట్యాబ్‌లు వచ్చిన రోజే లెక్కపెట్టండి. నంబర్లు రిజిస్టర్‌లో గుండ్రటి అక్షరాలతో రాయండి. ప్లాస్టిక్ కవరు విప్పకండి. బీరువాలో పెట్టి తాళం వేయండి. పిల్లలు అడిగితే "చార్జింగ్‌లో ఉన్నాయి" అనండి. ఏడాది తర్వాత బ్యాటరీ ఉబ్బితే అది తయారీ లోపం, మీది కాదు. లెక్క సరిపోవడమే ముఖ్యం. తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది ఎన్ని ట్యాబ్‌లు ఉన్నాయని. ఎవరికి ఏం వచ్చిందని అడగడు.

2. ఫొటో ఒక్కసారి తీయండి, ఏడాదంతా వాడండి

తనిఖీకి ముందు రోజు ట్యాబ్‌లు బయటకు తీయండి. నూనె రాసి తల దువ్వుకొచ్చిన పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఒక్కొక్కరిని ఒక్క వేలితో తెరను తాకమనండి. నవ్వమనండి. పది ఫొటోలు తీసుకోండి. తర్వాత ట్యాబ్‌లు తుడిచి లోపల పెట్టండి.

ఆ పది ఫొటోలను నెలకొకటి చొప్పున పైకి పంపండి. బడి నడిచేది పది నెలలే కాబట్టి సరిగ్గా సరిపోతాయి. నల్లబల్ల మీది తేదీ ఫొటోలో పడకుండా చూసుకుంటే చాలు.

3. వీడియో పెట్టి వెనక బెంచీకి వెళ్లండి

2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ పాఠాలు ప్రసారం చేసింది. అంతకు మూడు నెలల ముందే, జూన్ 1న, కేరళ విక్టర్స్ చానల్లో మొదలుపెట్టింది. కరోనాతో బడులు మూతపడ్డ రోజుల్లో పిల్లలకు ఏదో ఒకటి అందాలని చేసిన ఏర్పాటు అది. బడి తెరిచాక కూడా అదే ఏర్పాటును మనం కొనసాగించవచ్చు. యూట్యూబ్‌లో తెలుగు పాఠం పెట్టండి. సౌండు పూర్తిగా పెంచండి. వెనక బెంచీకి వెళ్లి కూర్చోండి. దీన్ని పరిశీలన అంటారు.

ఆ పాఠం తెలంగాణ సిలబస్‌ది, మన పిల్లల చేతిలో ఉన్నది మహారాష్ట్ర పుస్తకం అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. మన దగ్గర నాలుగో తరగతిలో శివాజీ చరిత్ర ఉంటుంది. అక్కడి వీడియోల్లో అది దొరకదు. దొరకని పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని వదిలేయండి. పిల్లవాడు సందేహం అడిగితే వీడియో వెనక్కి తిప్పండి. మళ్లీ అడిగితే మళ్లీ తిప్పండి. మూడోసారి ఏ పిల్లవాడూ అడగడు. దానికి హామీ నాది.

పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ఇంకా సులువు. పాఠం చెప్పక్కర్లేదు. కోడ్ మీద వేలు పెట్టి "ఇందులో ఉంది" అని చూపించండి.

4. హోంవర్కు వాట్సాప్‌లో, రాత్రి పదిన్నర దాటాక పంపండి

పదింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వర్లీలోనో నాయిగావ్‌లోనో బీడీడీ చాల్ ఖోలీ ఎంతుంటుందో మీకు తెలుసు. నూట అరవై చదరపు అడుగులు. అందులో ఆరుగురు. స్మార్ట్‌ఫోన్ ఒకటి. అది తండ్రిది. తండ్రి వాచ్‌మన్ అయితే ఫోన్ రాత్రంతా డ్యూటీలో ఉంటుంది. డెలివరీ పని అయితే పొద్దంతా బండి మీద ఉంటుంది. తల్లి దగ్గర ఉన్నది నంబర్లు నొక్కే చిన్న ఫోన్. అందులో వాట్సాప్ రాదు. ఫోన్ ఇంట్లో ఉన్న కాసేపు కూడా ముందు కాలేజీకి వెళ్లే అన్న తీసుకుంటాడు. తర్వాత తమ్ముడు ఆట ఆడుకుంటాడు. ఆడపిల్ల వంతు వచ్చేసరికి నల్లా వస్తుంది, బిందె పట్టుకుని లేవాలి.

ఇవన్నీ మీకు తెలుసు. అయినా అడగకండి. ఎవరింట్లో ఫోన్ ఉంది, ఎవరింట్లో లేదు అని జాబితా రాశారంటే లేనివాళ్ల బాధ్యత మీ నెత్తిన పడుతుంది. వాళ్ల కోసం కాగితం మీద ప్రశ్నలు రాయాలి, జిరాక్సు తీయించాలి, మెట్లెక్కాలి. పైనుంచి జాబితా అడిగితే "అందరికీ ఉంది" అని ఒక్క ముక్క రాయండి.

ఇప్పుడు అసలు పని. నలభై పేజీల పీడీఎఫ్ ఒకటి ఎంచుకోండి. రాత్రి పదిన్నర దాటాక గ్రూపులో వేయండి. కింద "రేపు ఉదయానికల్లా పూర్తి చేయాలి" అని రాయండి. మీ పని అయిపోయింది, పడుకోండి. నీలం టిక్కులు పడితే పాఠం చేరినట్టే. ఉదయం చేసుకురాని పిల్లల పేరు ఎదుట "ఇంటి సహకారం లేదు" అని రాయండి. ఈ మూడు మాటలూ కంఠతా పట్టండి. ఉద్యోగమంతా మిమ్మల్ని కాపాడతాయి.

2020 మార్చిలో మూతపడ్డ ముంబై బడుల్లో చిన్న తరగతులు 2021 డిసెంబర్ దాకా తెరుచుకోలేదు. ఆ ఏడాది తొమ్మిది నెలల్లో లింకులు పంపిన పంతుళ్లున్నారు, కాగితాలు పట్టుకుని గల్లీల్లో తిరిగిన పంతుళ్లున్నారు. ఇద్దరికీ జీతం ఒకటే. చెప్పుల అరుగుదల మాత్రం వేరు.

5. వారానికి సరిపడా సాకులు ముందే రాసి పెట్టుకోండి

అప్పటికప్పుడు వెతికిన సాకు తడబడుతుంది. నా జాబితా ఇలా ఉంటుంది:

సోమవారం: నెట్ లేదు.
మంగళవారం: ప్రొజెక్టర్ బల్బు పోయింది.
బుధవారం: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతోంది.
గురువారం: పాస్‌వర్డ్ పాత సారు దగ్గర ఉంది, ఆయన బదిలీ అయ్యాడు.
శుక్రవారం: ఓటీపీ హెడ్మాస్టరు ఫోన్‌కు పోయింది, ఆయన మీటింగ్‌లో ఉన్నాడు.
శనివారం: సగం పూటే కదా, ఇప్పుడెందుకు మొదలుపెట్టడం.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వీటితో కూడా పనిలేదు. వాన ఒక్కటి చాలు. గల్లీలో మోకాలిలోతు నీళ్లు నిలిస్తే ప్లగ్ ముట్టుకోమని మిమ్మల్ని అడిగేవాళ్లుండరు.

ఇవి చెప్పేటప్పుడు సుద్దముక్క, నల్లబల్ల గదిలో కనిపించకూడదు. కనిపిస్తే "అయితే దానితో చెప్పండి" అంటారు. సుద్దముక్కల డబ్బా ముందే బీరువాలో పెట్టేయండి.

6. తెలుగు కీబోర్డు జోలికి పోకండి

తెలుగు అక్షరాలు 1991లోనే యూనికోడ్‌లో చేరాయి. ఇవాళ ఏ ఫోన్‌లోనైనా తెలుగు కీబోర్డు ఉచితంగా దొరుకుతుంది. నేర్చుకోవడానికి వారం పడుతుంది. ఆ వారం మీదే, ఎవరికీ ఇవ్వకండి.

తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపండి. ‘kallu’ అని మీరు కొడితే అది తాగే కల్లో, చూసే కళ్లో పిల్లవాడికి తెలియదు. తెలియనప్పుడు తప్పు రాస్తాడు. తప్పు రాస్తే తప్పు వాడిదే. కొన్నాళ్లకు వాడు కూడా అలాగే రాయడం మొదలుపెడతాడు. ఒత్తులు, దీర్ఘాలు దిద్దే పని మీకు ఉండదు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, ఆఫీసులో మరాఠీ, ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు. ఇన్నిటి మధ్య పెరిగిన పిల్లకు తెలుగు లిపి ఒక్కటి తగ్గితే తేలిగ్గానే ఉంటుంది కదా.

7. పాఠ ప్రణాళికను యంత్రంతో రాయించండి

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ప్రణాళిక రాయడానికి రాత్రుళ్లు మేలుకోవాల్సిన పని తప్పింది. "నాలుగో తరగతి, నీటి చక్రం" అని కొట్టండి. వచ్చింది వచ్చినట్టు రికార్డులో ఎక్కించండి. చదవకండి. చదివితే మార్చాలనిపిస్తుంది. అందులో పిల్లల్ని తోటలో బావి దగ్గరికి తీసుకెళ్లమని ఉండవచ్చు. కామాఠిపురాలో తోట ఎక్కడ, బావి ఎక్కడ అని మీరు ఆలోచించనక్కర్లేదు. రికార్డు చూసేవాళ్లూ ఆలోచించరు.

పిల్లల ప్రాజెక్టులకూ ఇదే సూత్రం. ఫోన్ ఉన్న పిల్లవాడు యంత్రాన్ని అడిగి రాస్తాడు. లేని పిల్లవాడు వాణ్ని చూసి రాస్తాడు. అన్ని పుస్తకాల్లో ఒకే జవాబు ఉంటుంది. ఒకటి దిద్దితే అన్నీ దిద్దినట్టే.

8. పెద్ద పరిశోధనలు సగం దాకా చెప్పండి

స్టాఫ్ మీటింగ్‌లో నోరు మెదపకపోతే పని అంటగడతారు. కాబట్టి మాట్లాడండి. అయితే ఎక్కడ ఆపాలో తెలిసి మాట్లాడండి.

1999లో సుగత మిత్ర ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నం చేసి కంప్యూటర్ పెట్టాడు. పక్కనున్న బస్తీ పిల్లలు ఎవరూ చెప్పకుండానే దాన్ని వాడటం నేర్చుకున్నారు. ఇక్కడ ఆపండి. తర్వాత ఆయనే 2009లో బ్రిటన్‌లోని రిటైరైన టీచర్లను కూడగట్టి స్కైప్‌లో పిల్లలతో మాట్లాడించాడన్న సంగతి చెప్పకండి. పిల్లల పక్కన పెద్ద మనిషి కావాలని తేలితే ఆ పెద్ద మనిషి మీరే అవుతారు.

పెరూ దేశం లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరగలేదు. ఇది మీ తరగతి ఫలితాలు వచ్చిన రోజున చెప్పండి. "అంత ఖర్చుపెట్టిన పెరూలోనే రాలేదు" అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. ల్యాప్‌టాప్ ఇచ్చి, దానితో ఏం చేయాలో పంతుళ్లకు సరిగా నేర్పలేదన్న విషయం పక్కన పెట్టండి.

యునెస్కో 2023లో ఒక నివేదిక తెచ్చింది. సాంకేతికత పంతులుకు సాయపడాలి గానీ పంతులు స్థానంలోకి రాకూడదని దాని సారాంశం. దాని ముఖచిత్రం మాత్రం చూపించండి.

9. తల్లి వచ్చి అడిగితే బరువైన మాటలు వాడండి

ఎప్పుడో ఒకప్పుడు ఒక తల్లి వస్తుంది. బీడీలు చుట్టే పని ఆపుకుని, కొంగు సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది.

"సారూ, మా పిల్లకు ఐదో తరగతొచ్చినా పేరు రాసుడొస్తలేదు."

"అన్నీ ఆన్‌లైన్ల పెట్టిన అక్కా. డ్యాష్‌బోర్డుల గ్రీన్ చూపిస్తున్నది."

"గ్రీన్ అంటె ఏంది సారూ?"

"మీ పాప పాస్ అన్నట్టు అక్కా."

ఇంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకండి. కుర్చీ చూపించకండి. కూర్చుంటే పిల్ల నోట్‌బుక్ తెరుస్తుంది. గొంతు మాత్రం మెత్తగా ఉంచండి, అక్కా అని పిలవండి. మెత్తగా మాట్లాడిన పంతులు మీద ఫిర్యాదు రాసే తల్లి ఇప్పటిదాకా నాకు కనిపించలేదు.

గల్లీలో పాత కథలు చెప్పే పెద్దలుంటారు, వాళ్లకూ కాస్త దూరంగా ఉండండి. నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీలు ఈ నగరాన్ని కట్టారని, వాళ్ల పేరే ఈ పేటకు నిలిచిందని మొదలుపెడతారు. 1873లో జోతీరావు ఫులే సత్యశోధక్ సమాజం పెడితే, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి ముంబై తెలుగువాళ్లు దానికి అచ్చుయంత్రం కొనిచ్చారని చెబుతారు. ఆనాటి టెక్నాలజీ అదే. వాళ్లు దాన్ని బీరువాలో పెట్టడానికి కొనలేదు, చదువు రానివాళ్ల దాకా అక్షరం చేరాలని కొన్నారు. ఇలాంటి మాట ఒక్కసారి చెవిన పడితే రాత్రి నిద్ర పట్టదు. నాకు రెండు రాత్రులు పట్టలేదు.

10. వెళ్లేవాళ్లను ఆపకండి, టీసీ చేతిలో పెట్టండి

పై తొమ్మిదీ శ్రద్ధగా పాటిస్తే ఫలితం దానంతటదే వస్తుంది. ముంబై పాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది. అందులో తెలుగు ఒకటి. విద్యాహక్కు చట్టం చిన్న తరగతుల్లో ముప్పైమందికి ఒక పంతులు ఉండాలంటుంది. ముప్పైమందితో మొదలుపెట్టిన తరగతి మీ చేతిలో పలచబడుతూ వస్తుంది. కొందరు ఇంగ్లిష్ మీడియానికి పోతారు. ఒకడు టీ కొట్లో చేరతాడు. ఒక పిల్ల చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోతుంది. వెళ్లిన ప్రతి పిల్లతో దిద్దాల్సిన నోట్‌బుక్ ఒకటి తగ్గుతుంది.

టీసీ అడిగితే ఆలస్యం చేయకండి. కారణం గళ్లో "తల్లిదండ్రుల ఇష్టం" అని రాయండి. ముగ్గురు మిగిలే నాటికి పై తరగతితో కలిపేస్తారు. ఎవరూ మిగలని నాడు గదికి తాళం వేస్తారు. మిమ్మల్ని అతిరిక్త, అంటే అదనపు, ఉపాధ్యాయుడని లెక్కగట్టి ఇంకో బడికి పంపుతారు. జీతం ఆగదు. దగ్గు రాదు. మోకాళ్లు నొప్పి పెట్టవు. మా టీచరమ్మ ముప్పై ఏళ్లు సుద్దముక్కతో కష్టపడినా సంపాదించలేని సుఖం మీకు నాలుగేళ్లలో దొరుకుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ మేలు కోరే చెబుతున్నాను. వెళ్లే ముందు ఒక్క పని మర్చిపోకండి. బీరువా తెరిచి ట్యాబ్‌లు లెక్కపెట్టి అప్పగించండి. ఒక్కటీ పగలలేదని, ఒక్కటీ పోలేదని, కవర్లు కూడా విప్పలేదని సంతకం తీసుకోండి. నా ప్రాక్టీసు చివరి రోజున అలాంటి అప్పగింత నా కళ్లారా చూశాను. ట్యాబ్‌ల లెక్క సరిపోయింది. వాటిని తీసుకోవాల్సిన తరగతిలో పిల్లలు లేరు.